బంగారు పాము, చిటికెడు సున్నం

జడ్చర్ల అనగానే చాలామందికి హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే దారిలో బస్సు ఆగే చోటు గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం బాదేపల్లి మార్కెట్టుకు వెళ్ళే ఎడ్లబండ్లు, వాటి మీది పల్లికాయ బస్తాలు, ఆ బస్తాలు నిండక ముందు కల్లంలో గడచిన రాత్రులు గుర్తుకు వస్తాయి. పీకిన పల్లికాయకు కావలిగా రాత్రిపూట ఎవరో ఒకరు కల్లంలోనే పడుకోవాలి. మా కల్లంలో ఆ పని ఎప్పుడూ ఒక పెద్దాయనదే. మాకు చుట్టం కాదు గాని, పిల్లలమందరం ఆయనను తాత అనే పిలిచేవాళ్ళం. నేల మీద గొంగడి పరచుకుని, సగం కప్పుకుని పడుకునేవాడు.

ఒకనాడు తెల్లవారుజామున ఆయన కడుపు పట్టుకుని ఇంటికి వచ్చాడు. "కడుపుల నొస్తున్నది బిడ్డా, కండ్లు తెరుసుకుంటలేవు" అన్నాడు. పాము గాని ముట్టిందేమో చూసుకొమ్మని మా అవ్వ అంటే నవ్వాడు. "పాము కరిస్తె మంట లేవదా? ఒంటి మీద గీత గూడ లేదు" అన్నాడు. కాసేపటికి మాట ముద్దగా రావడం మొదలైంది. తరువాత మెడ నిలవలేదు. ఎండ ఎక్కేసరికి ఊపిరి ఆగింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. రెప్పలు ఎత్తి చూసినవారు కళ్ళలో చలనం లేదని చెప్పారు. స్నానం చేయించేటప్పుడు చీలమండ దగ్గర సూది మొనతో గుచ్చినట్లు రెండు చుక్కలు కనిపించాయి.

ఆ రోజు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇప్పటికీ వదలలేదు. వాపు లేదు, మంట లేదు, రక్తం కారలేదు. పుల్ల విరిచినంత చప్పుడు కూడా లేకుండా ఒక మనిషి ఎలా ఆగిపోయాడు? ఆయనలో ఆగిపోయినది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే అది ఒక శాస్త్ర చరిత్ర అయింది. ఆ చరిత్ర నడుమ ఒక తెలుగు మాట కూడా తారసపడింది.

*

ముందు ఆ మాట సంగతి. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బుంగారస్. చూడటానికి లాటిను లాగా ఉంటుంది కాని అది మన 'బంగారు'. దాని వెనుక ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఉన్నాడు. అంతకు ముందు ఆలెప్పో నగరంలో వైద్యం చేసిన ఈయన, విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగంలో ఉన్న తమ్మునితో కలిసి 1781లో మన దేశానికి వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. పాముకాటుతో మనుషులు చనిపోవడం ఆయనను కలవరపెట్టింది. విషమున్న పాము ఏదో, లేనిది ఏదో మామూలు మనిషి గుర్తుపట్టగలగాలన్నది ఆయన పట్టుదల. పాములను తెప్పించి, బొమ్మలు గీయించి, కుక్కల మీద, కోళ్ళ మీద విషాన్ని పరీక్షించి, 1796లో లండనులో కోరమండల్ తీరపు పాముల గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు.

ఆ గ్రంథంలో రస్సెల్ చేసిన మేలైన పని ఒకటుంది. పాములకు ఆయన సొంత పేర్లు కల్పించలేదు. ఊరివాళ్ళు ఏమని పిలిచేవారో ఆ తెలుగు పేరునే ఆంగ్ల లిపిలో రాసుకున్నాడు. రక్తపింజరకు 'కాటుక రేకుల పొడ' అన్న అందమైన పేరు అక్కడ నమోదయింది. పసుపు, నలుపు పట్టీలున్న ఒక పాము అక్కడ 'బంగారు పాము' అయింది. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఈ పాముల ప్రజాతికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ తెలుగు మాటనే తీసుకుని లాటిను తోక తగిలించాడు. మన పొలాల్లో తిరిగే నల్లని కట్లపాము కూడా ఆ కుటుంబానికి చెందినదే. నూటయాభై ఏళ్ళ తరువాత ఆ పేరు మళ్ళీ తలుపు తట్టింది. ఆ కథకు రావాలంటే ముందు సున్నం కథ చెప్పుకోవాలి.

*

మా వైపు బోరునీళ్ళు కాచితే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. అది సున్నపు పొర. శాస్త్ర పరిభాషలో సున్నంలోని మూలకం కాల్షియం. తెలుగులో ఖటికం అని కూడా అంటారు. అది ఎముకకు, పంటికి కావలసినదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నరానికి కూడా కావలసినదే అన్న సంగతి మాత్రం ఒక పొరపాటు వల్ల బయటపడింది.

లండనులో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తూ ఉండేవాడు. 1882లో శుద్ధజలంతో చేసిన ఉప్పునీటిలోనే గుండె చక్కగా కొట్టుకుంటున్నదని ప్రకటించాడు. తరువాత తెలిసిందేమంటే, ఆ నీళ్ళు శుద్ధజలం కానే కావు, కుళాయి నీళ్ళు. నిజమైన శుద్ధజలంతో చేసి చూస్తే గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్ళలో ఉండి శుద్ధజలంలో లేనిది ఏమిటని వెతికితే దొరికింది, చిటికెడు సున్నం. 1883లో రింగర్ తన తప్పును తానే దిద్దుకుని ఈ సంగతి రాశాడు. తప్పును దాచుకోకపోవడం వల్ల ఒక శాస్త్రానికి ద్వారం తెరుచుకుంది. 1894లో లాక్ అనే మరో శాస్త్రజ్ఞుడు ఇంకో అడుగు వేశాడు. ఖటికం లేని ద్రావణంలో నరాన్ని ప్రేరేపిస్తే దానికి అతికి ఉన్న కండరం కదలదని, ఖటికం కలపగానే కదులుతుందని చూపాడు.

అంటే నరానికీ కండరానికీ నడుమ, ఆ చివరి గడప దగ్గర, సున్నానికి ఏదో పని ఉంది. ఆ పని ఏమిటో తెలియడానికి ఇంచుమించు వందేళ్ళు పట్టింది.

*

మొదట తేలవలసిన సంగతి వేరొకటి ఉంది. నరం తన సందేశాన్ని కండరానికి ఎలా అందిస్తుంది? కరెంటు తీగలో నిప్పురవ్వలా దూకుతుందా, లేక ఏదైనా పదార్థాన్ని చిమ్ముతుందా? 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ రెండు కప్ప గుండెలతో దీన్ని తేల్చాడు. ఒక గుండెకు వెళ్ళే నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు. ఆ గుండెను తడిపిన ద్రావణాన్ని తీసి రెండో గుండెకు పోస్తే దాని వేగం కూడా తగ్గింది. నరం ఏదో రసాయనాన్ని విడుదల చేసిందన్నమాట. ఆ రసాయనమే అసిటైల్ కోలీన్ అని తరువాత స్థిరపడింది. లోవీకి, ఇంగ్లండులోని హెన్రీ డేల్‌కు 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటువంటి పదార్థాలను నాడీ ప్రసారకాలు అంటారు.

రెండో సంగతిని తేల్చినవాడు బెర్నార్డ్ కాట్జ్. లైప్‌జిగ్‌లో పుట్టిన యూదుడు. 1935లో హిట్లరు జర్మనీని విడిచి లండను చేరాడు. 1950 ప్రాంతంలో ఈయన, పాల్ ఫాట్ కలిసి కప్ప కండరం మీద నరం అతికే చోట సున్నితమైన సూదిని గుచ్చి చూశారు. నరం ఊరకే ఉన్నా అక్కడ చిన్న చిన్న విద్యుత్ అలలు కనిపించాయి. ఒక్కొక్కటీ ఒక వోల్టులో సుమారు రెండువేల వంతు. అన్నీ ఇంచుమించు ఒకే కొలత. 1954లో దెల్ కాస్తియో, కాట్జ్ చుట్టూ ఉన్న ద్రావణంలో ఖటికం తగ్గించి నరాన్ని ప్రేరేపించారు. అప్పుడు వచ్చిన స్పందన ఒక్కోసారి ఆ చిన్న అలకు సమానం, ఒక్కోసారి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు, కొన్నిసార్లు శూన్యం. ఒకటిన్నర ఎన్నడూ లేదు. అంటే నరం రసాయనాన్ని చెంబుతో పోసినట్లు పోయడం లేదు, పొట్లాలు కట్టి విసురుతున్నది.

అదే రోజుల్లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కింద నరపు కొసలో గుండ్రని తిత్తులు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఒక్కో తిత్తి అడ్డుకొలత మిల్లీమీటరులో దాదాపు ఇరవైవేల వంతు. ఒక్కోదాంట్లో వేల కొద్దీ అసిటైల్ కోలీన్ అణువులు. కాట్జ్ ఊహించిన పొట్లాలు ఇవే. 1970 నోబెల్ బహుమతిలో కాట్జ్‌కు భాగం దక్కింది.

ఇక సున్నం పని స్పష్టమయింది. విశ్రాంతిలో ఉన్న నరపు కొస లోపల ఖటికం బహు తక్కువ. వెలుపల దానికి సుమారు పదివేల రెట్లు. విద్యుత్ సంకేతం కొస దాకా రాగానే పొరలోని ద్వారాలు తెరుచుకుంటాయి. తూము ఎత్తిన చెరువు నీటిలా ఖటికం లోపలికి దూకుతుంది. తిత్తి పొర, కణం పొర కలిసి ఒకటవుతాయి. లోపలి రసాయనం వెలుపలికి చిమ్ముతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కంటె తక్కువ కాలంలో జరిగిపోతుంది. 1967లో డాడ్జ్, రహమిమోఫ్ మరో వింత గమనించారు. ఖటికం తక్కువగా ఉన్న ద్రావణంలో దాన్ని మరింత తగ్గించి సగం చేస్తే విడుదల సగం కాదు, దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. ఒక్క పొట్లం విప్పడానికి నాలుగు ఖటిక అయాన్లు జతగా చెయ్యి వెయ్యాలన్నట్లు ఉంది ఈ లెక్క.

*

ఇప్పుడు బంగారు పాము దగ్గరకు తిరిగి వద్దాం. 1963లో తైవానులో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అక్కడి కట్లపాము విషాన్ని విడదీశారు. వచ్చిన ముక్కలకు ఆ ప్రజాతి పేరునే పెట్టారు: ఆల్ఫా బుంగారోటాక్సిన్, బీటా బుంగారోటాక్సిన్. విశాఖ తీరాన రస్సెల్ చెవిని పడ్డ తెలుగు మాట ఈ విధంగా ప్రపంచంలోని నాడీశాస్త్ర ప్రయోగశాలలన్నిటికీ చేరింది.

ఈ రెండూ పనిచేసే తీరులో పెద్ద తేడా ఉంది. నరం విసిరిన పొట్లాన్ని కండరం వైపు అందుకునే చేతులు కొన్ని ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. ఆల్ఫా ఆ చేతులను పట్టేస్తుంది. నాగుపాము విషం కూడా ఈ తరహాదే. అందుకే నాగుపాము కాటులో నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తే కొంత పని చేస్తుంది. అది అసిటైల్ కోలీన్ కరిగిపోకుండా ఆపి, మిగిలిన ఖాళీ చేతులకు ఎక్కువ పొట్లాలు అందేటట్లు చేస్తుంది.

బీటా అలా కాదు. అది విసిరే చేతినే నరుకుతుంది. నరపు కొస మీదికి చేరి, పొరలోని కొవ్వును కోసే ఎంజైముగా పని చేస్తుంది. చిల్లులు పడిన పొర గుండా ఖటికం అదుపు లేకుండా లోపలికి వరదలా వస్తుంది. తిత్తులు వరుసగా విచ్చుకుని ఖాళీ అవుతాయి. మళ్ళీ తయారు కావు. చివరికి కొస శిథిలమవుతుంది. బతికించడానికి చిటికెడు చాలిన సున్నం ఇక్కడ వెల్లువై ముంచుతుంది. మన కట్లపాము విషంలో కూడా ఈ రెండో తరహాదే పైచేయి. నరం దగ్గర పొట్లాలే లేనప్పుడు, అందుకునే చేతులకు సాయం చేసి ఏమి ప్రయోజనం? నియోస్టిగ్మిన్ కట్లపాము కాటుకు సరిగా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

*

అయితే రెండు పొరలను కలిపే ఆ ముడి ఏమిటి? నూనె చుక్క, నూనె చుక్క కలిసినట్లు వాటంతట అవి కలవవు. నడుమ ఉన్న నీరు వాటిని ఎడంగా ఉంచుతుంది. ఎవరో బలవంతంగా దగ్గరికి లాగాలి.

ఈ రహస్యం విప్పడానికి తోడ్పడినది కూడా ఒక విషమే. అది మన ఊళ్ళకు బాగా తెలిసిన ధనుర్వాతం. తుప్పు మేకు గుచ్చుకున్న గాయం, మురికి కత్తితో కోసిన బొడ్డుతాడు, ఇవే దాని దారులు. ఒళ్ళు విల్లులా వంగుతుంది కనుకనే ఆ పేరు. ఆ విషం నరాల వెంట వెన్నుపాముకు చేరి, కండరాలకు 'ఇక చాలు' అని చెప్పే నాడీకణాల నోరు నొక్కేస్తుంది. ఆపేవారు లేక కండరాలు బిగుసుకుపోతాయి. 1992లో ఇటలీలోని పడువాలో స్కియావో, మాంటెకూకో బృందం ఆ విషం చేసే పనిని కనిపెట్టింది. అది తిత్తి మీద ఉండే సినాప్టోబ్రెవిన్ అనే ప్రొటీనును ఒకే ఒక్క చోట కత్తిరిస్తుంది. అంతే, విడుదల ఆగిపోతుంది. కత్తిరిస్తే ఆట ఆగిందంటే, ఆట దాని మీదే నడుస్తున్నదన్నమాట.

మరుసటి ఏడు అమెరికాలో జేమ్స్ రాత్‌మన్ బృందం ఈ ప్రొటీనుకు జోడీలను పట్టుకుంది. తిత్తి మీద ఒకటి, కణం పొర మీద రెండు. మూడూ కలిసి నాలుగు పోగులుగా, పగ్గం పేనినట్లు ఒకదానినొకటి చుట్టుకుంటాయి. పేనుతున్న కొద్దీ రెండు పొరలు దగ్గరికి వస్తాయి, చివరికి ఒకటవుతాయి. 1998లో ఆ పేనిన పగ్గం అచ్చమైన రూపం స్ఫటిక చిత్రంలో కనబడింది.

మరి ఖటికం రాకముందే ఈ పగ్గం ఎందుకు బిగుసుకోదు? దాని మీద కావలి ఉంది. తిత్తి మీదే ఉండే సినాప్టోటాగ్మిన్ అనే ప్రొటీను ఖటికాన్ని పట్టుకోగలదని థామస్ స్యూడాఫ్ బృందం 1992లో చూపింది. 1994లో అది లేకుండా ఎలుకలను పుట్టిస్తే, సంకేతం వచ్చిన క్షణంలోనే జరిగే వేగవంతమైన విడుదల మాయమైంది. తిత్తులున్నాయి, పగ్గం ఉంది, ఖటికం వచ్చింది. కాని వచ్చిందని చెప్పేవాడు లేడు. రాత్‌మన్, స్యూడాఫ్, ఈస్టు కణాల్లో ఈ రవాణా జన్యువులను వెతికిన రాండీ షెక్‌మన్ 2013లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

బిగిసిన పగ్గాన్ని మళ్ళీ విప్పకపోతే రెండోసారి పనికి రాదు. విప్పడానికి ఖర్చయ్యే ఇంధనం ఏటీపీ అనే అణువు. దాన్ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. మనం ఒక్క మాట పలకడానికి ముడి పడే పగ్గాలన్నీ విడిపోతున్నది ఆ అణువు ఖర్చుతోనే.

*

ఈ చరిత్ర అంతా చదివిన తరువాత మళ్ళీ ఆ కల్లం దగ్గరికి వస్తాను. తాతలో ఆగిపోయినది ఏమిటన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. గుండె కాదు, మెదడు కాదు. ఊపిరితిత్తులను ఆడించే కండరాలకు నరాలు విసరవలసిన పొట్లాలు అయిపోయాయి, అంతే. రెప్పలు ముందు వాలాయి, మాట, మెడ తరువాత, చివరికి ఊపిరి. ఈ కాటులో కంటిపాప వెలుతురుకు చలించకపోయినా లోపల మనిషి తెలివితోనే ఉండవచ్చునని వైద్యులు హెచ్చరిస్తారు. కళ్ళలో చలనం లేదన్న మాట ఆయన విని ఉంటాడా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

ఎందుకంటే శిథిలమైన నరపు కొసలు మళ్ళీ మొలుస్తాయి. దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతవరకు యంత్రంతోనో, చేత్తో నొక్కే శ్వాససంచితోనో ఎవరైనా ఊపిరి అందిస్తే మనిషి లేచి నడచి ఇంటికి వస్తాడు. విరుగుడు మందు నరాన్ని ఇంకా పట్టుకోని విషాన్ని మాత్రమే ఆపగలదు. తెగిన కొసను అతికించలేదు. అందుకే కట్లపాము కాటులో ప్రతి గంటకూ విలువ ఉంది. మంత్రానికి, పసరుకు, 'మంట లేదు కదా' అన్న ధైర్యానికి పోయిన గంటలు తిరిగి రావు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు పన్నెండు లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఏడాదికి సగటున 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బొడ్డుతాడు వెంట పసికందులను తీసుకుపోయిన ధనుర్వాతం మాత్రం టీకాల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల వెనక్కి తగ్గింది. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో నిర్ధారణ అయింది. పగ్గాన్ని కత్తిరించే విషాన్ని గెలవగలిగాం. నరపు కొసను నరికే విషం దగ్గర ఇంకా ఓడుతున్నాం. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ఒక ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరాలంటే విరుగుడు మందు, ఊపిరి పోసే సంచి, దాన్ని నొక్కడం తెలిసిన చెయ్యి కల్లానికి దగ్గరలో ఉండాలి.

రెండువందల ఏళ్ళ కిందట రస్సెల్ కోరింది కూడా ఇంతే: ఊరివాడికి పామును గుర్తుపట్టడం తెలియాలని. నేను దానికి ఒక్క మాట కలుపుతాను. పామును గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారి కడుపు నొప్పి అని, రెప్పలు వాలుతున్నాయని అంటే, ఒంటి మీద గీత లేకపోయినా బండి కట్టాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకుంటే ఆ బండి కట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

తాత గొంగడి చాలాకాలం మా ఇంట్లోనే ఉంది. దాన్ని నేల మీద పరచడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.